మూలపేటలో ‘పెద్దమనుషులు’ ఉచిత ప్రదర్శన: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యానరు కట్టిన దగ్గర్నుంచి అడిగేవాళ్ళు ఆగడంలేదు. పాలప్యాకెట్‌కు వెళ్ళినా అడుగుతున్నారు, గుళ్ళో ప్రదక్షిణ చేస్తుంటే ఆపి మరీ అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకచోట రాసిపెడుతున్నాం. చదివినవాళ్ళు పక్కింటివాళ్ళకు కూడా చెప్పండి.

ఏ సినిమా? ఎప్పుడు? ఎక్కడ?

సినిమా పేరు ‘పెద్దమనుషులు’. 1954లో వచ్చిన వాహినీ వారి సినిమా. దర్శకుడు కె.వి.రెడ్డి. ఈ ఆదివారం సాయంత్రం 6 గంటలకు, నెల్లూరు మూలపేటలో, శివాలయం దాటాక వచ్చే కల్యాణ మండపం ఆవరణలో వేస్తున్నాం. గాంధీబొమ్మ దగ్గర ఆటో ఎక్కి మూలపేట శివాలయం అంటే చాలు. అక్కడ దిగాక తెల్లతెర మీకే కనపడుతుంది.

టికెట్టు నిజంగానే లేదా? చివర్లో హుండీ తిప్పుతారా?

లేదు, తిప్పం. క్యూఆర్ కోడ్ కూడా పెట్టం. పోయిన వినాయకచవితి చందాల్లో కొంత మిగిలింది. దాన్ని ఏం చెయ్యాలని వీధిలో మాట్లాడుకుంటే ఒకరు బిర్యానీ అన్నారు, ఒకరు గుడికి ట్యూబ్‌లైట్లు అన్నారు, చివరికి సినిమా గెలిచింది. తెరకు, ప్రొజెక్టరుకు, షామియానాకు, జనరేటర్‌కు ఎంతెంత అయిందో రాసిన కాగితం గేటు పక్కనే అంటిస్తాం. ఊరి డబ్బు మింగేవాళ్ళ మీద సినిమా వేస్తూ మేం లెక్క చెప్పకపోతే ఏం బాగుంటుంది?

ఇంతకీ ఎవరిని ఉద్దేశించి వేస్తున్నారు? నిజం చెప్పండి.

అందరికన్నా ఎక్కువమంది అడిగింది ఇదే. ఇప్పటిదాకా మా చెవిన పడ్డ అనుమానాలన్నీ కలిపితే, మేం ఒకేసారి అన్ని పార్టీలకూ వ్యతిరేకంగా, అన్ని పార్టీల తరఫునా ఈ సినిమా వేస్తున్నట్టు. ఒకాయన వచ్చి ‘మా వాడి మీదే కదా’ అని కోపంగా అడిగాడు. ఆయన అటు వెళ్ళాడో లేదో అవతలి పార్టీ ఆయన వచ్చి అదే మాట అన్నాడు. ఇద్దరికీ ఒకే టీకొట్లో టీ ఇప్పించాం.

ఈ సినిమా విడుదలైంది 1954 మార్చి 11న. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఆర్నెల్లు కూడా కాలేదు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది. దానికోసం ప్రాణం విడిచిన పొట్టి శ్రీరాములు పేరు 2008 నుంచి మన జిల్లాకే ఉంది. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారు మన పక్క జిల్లా వినోదరాయునిపాలెంలో పుట్టినవారు. ఆయన రాజకీయం మొదలైంది కూడా మునిసిపాలిటీలోనే, రాజమండ్రి చైర్మన్‌గా. సినిమా వచ్చిన ఏడాదే నవంబరులో ఆయన ప్రభుత్వం అసెంబ్లీలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అంటే కొత్త రాష్ట్రం, కొత్త పదవులు, కొత్త ఆశలు ఉన్న రోజుల్లో, ఇంకా ఎవరూ ఎవరితోనూ విసిగిపోని రోజుల్లో, ఒక దర్శకుడు ఒక మునిసిపల్ చైర్మన్‌ను తెచ్చి తెరమీద నిలబెట్టాడు. ఏ పార్టీ జెండానో చూపించి వేళాకోళం చేసే పని పెట్టుకోలేదు. అందుకే డెబ్భై ఏళ్ళు దాటినా ప్రతివాడూ ఇది పక్కవాడి మీద తీసిందే అనుకుంటున్నాడు.

కాబట్టి జవాబు: ఎవరినీ ఉద్దేశించి కాదు. మీకు ఎవరైనా గుర్తొస్తే ఆ బాధ్యత మాది కాదు.

కథేంటి?

మొత్తం చెప్పం. ధర్మారావు అనే చైర్మన్ ఉంటాడు. ఊళ్ళో ఆయనంటే గౌరవం. మాట మెత్తన, నడక నిదానం. ఆయన చుట్టూ మరికొందరు పెద్దలు ఉంటారు. బయటికి అందరూ ఊరి సేవకులే. లోపల ఏం జరుగుతుందో సినిమాలో చూడండి. ఊళ్ళో ఆ సంగతి పైకి అనే మనిషి మాత్రం ఒకడున్నాడు, తిక్క శంకరయ్య. పేరులోనే తిక్క ఉంది కాబట్టి అతను ఏమన్నా ఎవరూ పట్టించుకోరు. అదే అతనికి రక్షణ కూడా. ఈ ఏర్పాటు చేసిన రచయిత తెలివికి మేం ఇప్పటికీ దణ్ణం పెడతాం.

ఎవరెవరు నటించారు? హీరో ఎవరు?

ఎన్టీఆర్ లేరు, ఏయన్నార్ లేరు. ఇది వినగానే కొందరు వెనక్కి తిరుగుతున్నారు, ఒక్క నిమిషం ఆగండి. చైర్మన్‌గా గౌరీనాథశాస్త్రి, సిద్ధాంతిగా లింగమూర్తి, తిక్క శంకరయ్యగా రేలంగి. వంగర, శ్రీరంజని కూడా ఉన్నారు. గౌరీనాథశాస్త్రి ఇదే దర్శకుడి ‘భక్త పోతన’లో శ్రీనాథుడిగా వేసిన మనిషి. ఆ పద్యాల నిండుదనం, ఆ దర్జా ఇక్కడ ఒక దొంగ పెద్దమనిషికి పెట్టారు. మీసం మెలేసి, కళ్ళెర్రజేసి, వికటంగా నవ్వే విలన్ కాడు. మన పెళ్ళికి వస్తే ముందు వరసలో కూర్చోబెట్టే రకం. భయం అక్కడే పుడుతుంది.

రేలంగి సంగతి వేరే చెప్పాలి. నవ్వించడం ఆయనకు కొత్త కాదు. కానీ ఈ పాత్రలో నవ్వు కింద ఒక మంట ఉంటుంది. 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఏదో ఒక్క పాత్రకు ఇచ్చారని కాదుగానీ, మా ఓటు మాత్రం తిక్క శంకరయ్యకే.

కామెడీ అని రాశారు. నిజంగా నవ్వొస్తుందా?

వస్తుంది. అయితే ఈ రోజుల్లోలా క్షణానికో పంచ్ ఉండదు. మనుషులు మాట్లాడుకునే తీరులో నవ్వుంటుంది, కొంచెం చెవిపెట్టి వినాలి. ముందుకు పోయేకొద్దీ నవ్వు తగ్గి కథ బరువెక్కుతుంది. ‘కామెడీ అని పిలిచి ఏడిపించారు’ అని తర్వాత మమ్మల్ని అనొద్దు. మాటలు డి.వి.నరసరాజు. నాటకాలు రాసుకుంటున్న ఆయన్ను కె.వి.రెడ్డి సినిమాకు తీసుకొచ్చారు, ఇదే ఆయన మొదటి సినిమా. తర్వాత ‘గుండమ్మ కథ’, ‘యమగోల’ రాసింది కూడా ఆయనే అంటే ఆ చెయ్యి ఎలాంటిదో తెలుస్తుంది.

‘నందామయా గురుడ నందామయా’ ఈ సినిమాలోదేనా?

ఇందులోదే. పాట తెలియని ఇల్లు లేదు, సినిమా చూసిన ఇల్లు వెతికితే దొరకడంలేదు. అసలు ఈ ప్రదర్శన పెట్టడానికి కారణమే అది. రాసింది కొసరాజు రాఘవయ్య చౌదరి, పాడింది ఘంటసాల, తెర మీద రేలంగి. సంగీతం ఓగిరాల రామచంద్రరావు, అద్దేపల్లి రామారావు. కొసరాజుది బాపట్ల దగ్గర అప్పికట్ల. 1939లో ‘రైతుబిడ్డ’కు పాటలు రాసి, తర్వాత చాన్నాళ్ళు సినిమాలకు దూరంగా ఉండిపోయారు. మళ్ళీ పిలిచింది కె.వి.రెడ్డి, ఈ సినిమాకే. ఆ తర్వాత ఆయన కలం ఆగలేదు.

పాట బాణీ బ్రహ్మంగారి తత్వాలది. తత్వం పాడేవాణ్ణి ఊళ్ళో ఎవరూ ఆపరు, అరుగు మీద కూర్చున్న పెద్దలు కూడా తలాడిస్తారు. ఆ ముసుగులో ఊరి గుట్టంతా బయటపెట్టించారు. పాటను రేడియోలో విన్నప్పుడు ఇది తెలియదు. ఎవరి ముందు పాడుతున్నాడో, విన్నవాళ్ళ మొహాలు ఎలా ఉన్నాయో చూడాలి.

‘శివశివమూర్తివి గణనాథా’ కూడా ఈ సినిమాలోదే. ఏటా వినాయకుడి పందిట్లో మోగించేవాళ్ళు అది ఎక్కడిదో ఈసారి చూసుకోవచ్చు.

విదేశీ కథను కాపీ కొట్టారంటగా?

నార్వే రచయిత ఇబ్సెన్ 1877లో రాసిన ‘పిల్లర్స్ ఆఫ్ సొసైటీ’ అనే నాటకం దీనికి ఆధారం. అక్కడ కథానాయకుడు ఓడల వ్యాపారి, ఊరంతా చేతులెత్తి మొక్కే మనిషి. ఇక్కడ చైర్మన్ అయ్యాడు. ఓడల రేవు పోయి గుడి, మునిసిపాలిటీ, కాంట్రాక్టు వచ్చాయి. చూస్తున్నంతసేపూ నార్వే గుర్తు రాదు. కాపీ అనే మాట ఇలాంటి పనికి వాడితే ఆ మాటకే అన్యాయం.

అవార్డు వచ్చిన సినిమా అంటున్నారు?

అవును. 1954 సంవత్సరానికి జాతీయ అవార్డుల్లో తెలుగులో ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం అందుకుంది. అవార్డు సినిమా అనగానే నిద్రొస్తుందని భయపడేవాళ్ళు, దీని దర్శకుడు ‘పాతాళభైరవి’ తీసి వచ్చినవాడని, తర్వాత ‘మాయాబజార్’ తీశాడని గుర్తు పెట్టుకోండి.

మన ఊరికీ ఈ సినిమాకూ ఏమన్నా సంబంధం ఉందా?

నేరుగా లేదు, లాక్కొచ్చి కలపం. కె.వి.రెడ్డిది అనంతపురం జిల్లా తాడిపత్రి. అయితే ఆయన దగ్గర ‘మాయాబజార్’ రోజుల్లో పని నేర్చుకున్న దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు పుట్టింది అప్పటి మన జిల్లాలోనే.

మన రమణారెడ్డి సినిమా వెయ్యొచ్చు కదా?

వేస్తాం, వచ్చేసారి. జగదేవిపేటవాడు, సినిమాల్లోకి పోకముందు శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసినవాడు. మునిసిపాలిటీ సంగతులు ఆయనకు ఒకరు చెప్పాలా! ఏ సినిమా వెయ్యాలో మీరే చెప్పండి. కానీ ఆదివారం సినిమా అయ్యాక చెప్పండి, మధ్యలో కాదు.

‘యమగోల’ వేస్తే జనం బాగా వచ్చేవారు కదా?

వచ్చేవారు. కానీ దాన్ని అందరూ చూసేశారు, డైలాగులు మనమే ముందు చెప్పేస్తాం. రెండోది, చట్టం. సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదటి నుంచి లెక్కేసి 60 ఏళ్ళు ఉంటుంది, 1957 కాపీరైట్ చట్టం చెప్పే మాట ఇది. ‘యమగోల’ 1977లో వచ్చింది, అంటే 2037 చివరిదాకా హక్కుదారులు ఒప్పుకోవాలి. టికెట్టు పెట్టకపోయినా సరే, పదిమందిని పోగేసి వేస్తే అది బహిరంగ ప్రదర్శనే. చాలామంది ‘ఫ్రీగానే కదా’ అనుకుంటారు. చట్టం అలా అనుకోదు.

‘పెద్దమనుషులు’ 1954 సినిమా. 2014 డిసెంబరు 31తో ఆ 60 ఏళ్ళూ అయిపోయాయి. అందుకే ధైర్యంగా వేస్తున్నాం.

ఒంగోలు నుంచి ఒక మిత్రుడు ‘ఎమ్మెల్యే’ వెయ్యమన్నాడు. కె.బి.తిలక్ దర్శకత్వంలో 1957లో వచ్చింది, హీరో జగ్గయ్య. ఆ జగ్గయ్యే పదేళ్ళకు, 1967లో, ఒంగోలు నుంచి పార్లమెంటుకు గెలిచారు. తెరమీద ‘ఎమ్మెల్యే’ హీరో, బయట ఎంపీ! ఒంగోలు వాళ్ళు ఆ సినిమా వాళ్ళ ఊళ్ళో వేస్తేనే అందం. వేస్తే మేం ఇక్కణ్ణుంచి వ్యాను కట్టుకుని వస్తాం.

ముఖ్య అతిథి ఎవరు? నాయకులు వస్తున్నారా?

వేదిక లేదు, ముఖ్య అతిథి లేరు, శాలువా లేదు, జ్యోతి వెలిగించడం లేదు. ఎవరు వచ్చినా సంతోషమే, ఏ పార్టీవాళ్ళయినా రావచ్చు, వచ్చి ఖాళీ ఉన్నచోట కూర్చోవచ్చు. మైకులో పేర్లు చదవం. ఫ్లెక్సీలు కట్టనివ్వం. ‘అన్న వస్తున్నాడు, ముందు వరస ఖాళీగా పెట్టండి’ అని ఇప్పటికే ఒక ఫోన్ వచ్చింది. ముందు వరసలో కుర్చీలు లేవు, చాపలున్నాయి, అవి పిల్లలకు. అన్న చాప మీద కూర్చుంటానంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

కుర్చీలు ఎవరికి?

పెద్దవాళ్ళకు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు, చంటిబిడ్డలతో వచ్చేవాళ్ళకు. మిగతావాళ్ళు చాపలే. ఇంటి నుంచి దుప్పటి, దిండు తెచ్చుకుంటే ఇంకా హాయి. కర్చీఫ్ వేసి సీటు ఆపడం కుదరదు.

ప్రింటు ఎలా ఉంది? మాటలు వినపడతాయా?

బ్లాక్ అండ్ వైట్. అక్కడక్కడ గీతలు, ఒకటి రెండు చోట్ల బొమ్మ ఎగురుతుంది. మొన్న రాత్రి ట్రయల్ వేసి చూశాం. పాటలు వీధి చివరిదాకా ఖంగుమని వినపడ్డాయి. చిక్కు మాటల దగ్గర వచ్చింది. ఆ కాలం రికార్డింగు, పైగా మెత్తగా మాట్లాడే చైర్మన్ గారు. పెడస్టల్ ఫ్యాన్లు తిరుగుతుంటే ఆయన కుట్రలన్నీ గాలికి పోయాయి. ఒక్కో ఫ్యానే ఆపుతూ వచ్చాం. మధ్యలో ఉన్న రెండూ ఆపాక గాని మాట విడిగా తెలియలేదు. స్పీకర్లు తెర వెనక నుంచి తీసి రెండు పక్కలా తలెత్తున పెట్టాం, బాసు తగ్గించాం, అప్పుడు కుదిరింది. కాబట్టి ఆదివారం ఫ్యాన్లు రెండు అంచుల్లోనే ఉంటాయి. ఉక్క భరించలేనివాళ్ళు అంచుల్లో కూర్చోండి, ప్రతి మాటా వినాలనుకునేవాళ్ళు మధ్యలో కూర్చోండి. విసనకర్ర తెచ్చుకుంటే రెండూ దక్కుతాయి.

సబ్‌టైటిల్స్ లేవు.

దోమలు?

నెల్లూరులో ఉండి ఈ ప్రశ్నా! సాయంత్రమే పొగ వేయిస్తాం. ఐనా ఒళ్ళంతా కప్పే బట్టలు వేసుకుని, ఓడోమాస్ రాసుకుని రండి.

వానొస్తే?

చినుకులైతే షామియానా కిందే నడిపిస్తాం. గట్టి వానైతే మండపం లోపలికి మారతాం, అప్పుడు చోటు సగమే, ముందొచ్చినవాళ్ళకే. తుఫాను హెచ్చరిక వస్తే వచ్చే ఆదివారానికి వాయిదా. కరెంటు పోతే జనరేటర్ ఉంది.

ఎప్పుడు వదులుతారు?

సినిమా సుమారు మూడు గంటలు, మధ్యలో ఇంటర్వెల్. తొమ్మిదిన్నరకల్లా ముగించాలని చూస్తున్నాం. రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు అవి. అందుకే 6 అంటే 6కే మొదలు. కె.వి.రెడ్డి స్క్రిప్టు దశలోనే స్టాప్‌వాచ్ పట్టుకుని సీన్ల నిడివి లెక్కేసుకునేవాడట, ఆయన సినిమాకు మనం అరగంట ఆలస్యంగా పోతే మర్యాద కాదు. కావలి, కందుకూరు వైపు పోవాల్సినవాళ్ళు తిరుగు బస్సు టైము ముందే కనుక్కుని పెట్టుకోండి.

తిండి?

ఇంటర్వెల్లో టీ, మసాలా బొరుగులు మా తరఫున. బయట బజ్జీల బండి ఉంటుంది, అది మీ తరఫున. సినిమా నడుస్తుండగా కరకరలాడే ప్యాకెట్లు విప్పొద్దు. ఎందుకో ప్రింటు గురించి రాసినచోట చదివారు కదా.

పిల్లల్ని తీసుకురావచ్చా? వాళ్ళకు అర్థమవుతుందా?

తీసుకురండి. రేలంగి కనపడగానే వాళ్ళే నవ్వుతారు. కొంచెం పెద్దపిల్లలకు ముందుగా ఒక మాట చెప్పండి: అప్పట్లో ఊరికి మునిసిపల్ చైర్మన్ అంటే ఇప్పటి మేయర్ లాంటి హోదా. నెల్లూరు మునిసిపాలిటీ 1866లో ఏర్పడింది, 2004లో కార్పొరేషన్ అయింది, ఇప్పుడు 54 డివిజన్లు. కుళాయి, కాలవ, వీధిదీపం, ఇంటిపన్ను, ఇవన్నీ ఎవరి చేతిలో ఉంటాయో తెలిస్తే సినిమాలో ఎవరు దేనికోసం కొట్టుకుంటున్నారో పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. మీ డివిజన్ కార్పొరేటర్ పేరు మీకు తెలుసో లేదో కూడా ఒకసారి చూసుకోండి. పిల్లలు అడిగితే తెల్లమొహం వెయ్యకుండా ఉంటుంది.

ఫోన్లో వీడియో తీసుకోవచ్చా?

తెరను తీసి ఏం చేస్తారు? జనాన్ని తియ్యాలనుకుంటే ఇంటర్వెల్లో, వాళ్ళనడిగి తీసుకోండి. సినిమా నడిచేటప్పుడు ఫోను వెలుతురు వెనకవాళ్ళ కళ్ళలో పడుతుంది.

సినిమా తర్వాత చర్చ ఉందా?

ఉపన్యాసం లేదు. మాట్లాడాలనుకునేవాళ్ళు ఓ పావుగంట కూర్చోవచ్చు, మైకు లేకుండా. ఒకటే షరతు, ఇప్పుడున్న ఏ నాయకుడి పేరూ ఎత్తకూడదు. ‘మా వీధి కాలవ’ అనొచ్చు, ‘ఫలానా వాడు’ అనకూడదు. పేరు ఎత్తితే చర్చ పోయి పార్టీల గొడవ మొదలవుతుంది, అది మనకు టీవీలో రోజూ దొరుకుతుంది.

మేమేమన్నా సాయం చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు. మధ్యాహ్నం మూడింటికి తెర కట్టడానికి నిచ్చెన ఎక్కగలిగినవాళ్ళు ఇద్దరు కావాలి. పొడుగు ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎవరి దగ్గరన్నా ఉంటే తెచ్చిపెట్టండి, పేరు రాసి తెండి. అన్నిటికన్నా ముఖ్యంగా, సినిమా అయ్యాక కుర్చీలు మడిచి వ్యాను ఎక్కించడానికి మనుషులు కావాలి. షామియానా ఆయన సోమవారం పొద్దున ముహూర్తానికి వాటిని వేదాయపాళెంలో పెళ్ళికి ఒప్పుకున్నాడు, ఆ రాత్రే తీసుకుపోతాడు.